టేకు దుంగలో వానల లెక్క, సూర్యుడి జాడ: హైదరాబాద్‌లో చెట్టు వలయాలు చదవడానికి సమగ్ర మార్గదర్శి

కోసిన దుంగ మీద వలయాలు లెక్కపెడితే చెట్టు వయసు తెలుస్తుందని బడిలో అందరం చదువుకున్నదే. ఏ వలయం ఏ సంవత్సరానిదో ఖాయం చేసి, ఆ ఏడు వాన ఎలా పడిందో దాన్నుంచి రాబట్టడం మాత్రం అంతకంటే పెద్ద పని. హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చునే ఆ పని చాలావరకు చేయవచ్చు. అడ్డంగా కోసిన మంచి టేకు బిళ్ళలు, ఎమరీ కాగితాలు, ఒక స్కానర్, ఓపిక ఉంటే చాలు.

సూర్యచక్రాల సంగతి ముందే తేల్చుకుందాం. సూర్యుడి మీద మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి, దాన్నే సూర్యచక్రం అంటారు. ఇంటి దగ్గర వలయాల వెడల్పు కొలిచి ఆ చక్రం పట్టేశామని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. మన ప్రాంతపు టేకులో వెడల్పు చెప్పేది ప్రధానంగా నీటి కథ. సూర్యుడి జాడ ఉండేది ఆ వలయంలోని కార్బన్‌లో. మొదటిదానికి స్కేలు చాలు, రెండోదానికి ప్రయోగశాల కావాలి. ఈ రెండూ కలిపేయడం వల్లే ఈ విషయం మీద ఇన్ని కాకిలెక్కలు తిరుగుతున్నాయి.

ఏ చెట్టు పనికొస్తుంది

ఏటా ఒక కాలంలో ఎదుగుదల పూర్తిగా ఆగిపోయే చెట్టులోనే నమ్మదగ్గ వలయం పడుతుంది. చలిదేశాల్లో చలి ఆపుతుంది, తెలంగాణలో ఎండాకాలపు నీటి కొరత ఆపుతుంది. టేకు చలికాలం నుంచి ఆకు రాల్చి మోడై నిలబడుతుంది, తొలకరి జల్లులకు చిగురిస్తుంది, జూన్ నుంచి అక్టోబర్ దాకా లావెక్కుతుంది. అందుకే దాని వలయం దాదాపుగా ఒక క్యాలెండర్ సంవత్సరంలోనే మొదలై ముగుస్తుంది. ఇది మనకు పెద్ద వెసులుబాటు.

వేప, చింత, మామిడి కాండాల్లో గీతలు కనిపించినా వాటిని సంవత్సరాలుగా లెక్కపెట్టలేం. తాడి, కొబ్బరి, ఈత చెట్లలో అసలు వలయాలే ఉండవు, వాటి కాండం నిర్మాణమే వేరు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 700 ఏళ్లంటారు. ఊడలు దిగి కాండాలైన మర్రి వయసును వలయాలతో తేల్చే దారి లేదు. గోల్కొండ నయాఖిలాలోని హాతియాన్ చెట్టు బావోబాబ్ జాతిది. దానికి లోపలంతా బోలు, వలయాలు కూడా నమ్మకమైనవి కావు. అలాంటి చెట్లకు రేడియోకార్బన్, అంటే చెక్కలోని కార్బన్-14 కొలత ఒక్కటే ఆధారం.

టేకులోనూ అన్నీ పనికిరావు. పొలం గట్టు మీద బోరు నీళ్లు తాగి పెరిగిన టేకు మీకు ఆ బోరు చరిత్ర చెబుతుంది, వానది కాదు. రాతి వాలు మీద, పల్చటి మట్టిలో, వాననీటి మీదే బతికిన చెట్టు కావాలి. ఏటా నీటికి కటకటలాడిన చెట్టే నీటి లెక్క బాగా రాస్తుంది.

డిపోలో ఏం అడగాలి

చెట్టు కొట్టించే ఆలోచన పెట్టుకోకండి. తెలంగాణలో సొంత స్థలంలోని చెట్టు నరకడానికి కూడా వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. అటవీ శాఖ భూమిలోనైతే కాండం నుంచి సన్నటి చెక్క పుల్ల లాగే బోరర్ గుచ్చాలన్నా రాతపూర్వక అనుమతి తప్పనిసరి. కేబీఆర్ పార్కులో చెట్టుకు రంధ్రం పెడితే కేసు మీ మీదే. ముషీరాబాద్, భోయిగూడ వైపు టింబర్ డిపోల్లో, సామిల్లుల్లో దుంగ చివర సరిచేసినప్పుడు కోసి పడేసే ముక్కలు ఉంటాయి. మనకు కావలసింది అవే. పొయ్యిలోకి పోయే ముక్కకు కూడా బిల్లు రాయించుకోండి.

ధర కంటే ముందు అడగాల్సింది దుంగ ఎక్కడిదని. సీపీ టేకు, బల్లార్షా టేకు అంటే చంద్రాపూర్ వైపుది. ఆదిలాబాద్, మంచిర్యాల సరుకు కూడా దొరుకుతుంది. కానీ ఇప్పుడు మార్కెట్‌లో ఘనా, టాంజానియా, బ్రెజిల్, ఈక్వెడార్ టేకు చాలా ఉంది, బర్మా టేకు ఉండనే ఉంది. ఘనా దుంగలో తెలంగాణ కరువు వెతికితే ఏం దొరుకుతుంది? బ్రెజిల్, టాంజానియా దుంగల్లోనైతే ఎదుగుదల కాలం రెండు క్యాలెండర్ సంవత్సరాల మీద పరచుకుంటుంది కాబట్టి సంవత్సరం వేయడమే తప్పుతుంది. దుంగ చివర అటవీ డిపో కొట్టిన హ్యామర్ గుర్తు, నంబరు ఉంటే ఫొటో తీసుకోండి. రవాణా పర్మిట్ చూపించమంటే చాలా డిపోల వాళ్లు చూపిస్తారు. అందులో తేదీ, బయల్దేరిన డిపో ఉంటాయి.

బెరడు ఉన్న ముక్కే తీసుకోండి. కనీసం ఒక వైపైనా బెరడు అంటుకుని ఉండాలి. బెరడు, దాని కింద తెల్లచెక్క పోయాయంటే చివరి వలయాలు ఎన్ని పోయాయో తెలియదు, లెక్క గాలిలో వేలాడుతుంది. పాతబస్తీలో కూల్చిన దేవిడీల తలుపులు, దూలాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ వాటిది ఇదే సమస్య. వలయాలు నూరు ఉండొచ్చు, ఏ నూరేళ్లో చెప్పడానికి ఆధారం ఉండదు.

మొదలు దగ్గర టేకు కాండం గాడులుగాడులుగా ఉంటుంది. అక్కడ వలయాలు ఒకచోట ఉబ్బి, ఇంకోచోట అణగారి ఉంటాయి. నేల నుంచి సుమారు 1.3 మీటర్ల పైన కోసిన ముక్క మంచిది. మందం 4 నుంచి 5 సెంటీమీటర్లు. పనికి దిగేముందు ఒకే అడవి నుంచి, ఒకే లాటులో వచ్చిన కనీసం ఐదు దుంగల బిళ్ళలు సమకూర్చుకోండి. గట్టి పనికి 10 నుంచి 20 చెట్లు, ఒక్కో చెట్టుకు రెండు వ్యాసార్ధాలు కావాలి. ఒక్క దుంగతో వయసు అంచనా వేయొచ్చు, వాతావరణం చెప్పకూడదు.

ఆరబెట్టడం, నునుపు చేయడం

బిళ్ళను ఎండలో పెడితే రెండు రోజుల్లో నడిబొడ్డు నుంచి బెరడు దాకా చీలుతుంది. నీడలో, గాలి ఆడేచోట, రెండు చెక్కముక్కల మీద ఆనించి మూడు నాలుగు వారాలు ఉంచండి. మొదటి వారం రెండు ముఖాలకూ పల్చగా ఫెవికాల్ పూసి ఉంచితే నీరు మెల్లగా పోతుంది, చీలిక తగ్గుతుంది. అయినా చీలితే కంగారు పడక్కర్లేదు, ఆ గీత తప్పించి వేరే వ్యాసార్ధం మీద కొలవండి.

ముందు రందాతో లేదా సామిల్లులో ప్లేనర్ మీద ఒక ముఖం సమం చేయించండి. తర్వాత ఎమరీ కాగితం వరుస ఇది: 80, 120, 180, 240, 320, 400, చివరికి 600. ఒక్కో నంబరుకు దిశ మార్చాలి. 80తో అడ్డంగా రుద్దితే 120తో నిలువుగా. ముందటి నంబరు గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి దానికి వెళ్లాలి. ఎక్కువ మంది తప్పు చేసేది 80 దగ్గరే. అది తొందరగా వదిలేసి, ఆ లోతైన గీతలను 320తో పోగొట్టాలని గంటలకొద్దీ రుద్దుతారు.

టేకులో నూనె ఉంటుంది, కాగితం త్వరగా పూడుకుపోతుంది. మధ్యమధ్య బ్రష్‌తో దులపండి, అరిగిన కాగితం పారేయండి. అరిగిన కాగితం చెక్కను కోయదు, రాపిడితో కాల్చి గోధుమరంగు మరక చేస్తుంది, దాని కింద వలయం మాయం. పైగా టేకులో ఇసుకలాంటి సిలికా కూడా ఉండి పనిముట్టు పదును తినేస్తుంది. ఆర్బిటల్ శాండర్ వాడేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి, టేకు పొడి కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది.

600 తర్వాత చిన్న కిటుకు. తెల్ల సుద్దపొడి కొంచెం తీసుకుని వేలితో ముఖం మీద రుద్ది, గుడ్డతో తుడిచేయండి. పొడి రంధ్రాల్లో ఉండిపోతుంది. అప్పటిదాకా గోధుమరంగు మీద గోధుమరంగుగా ఉన్న వరుసలు తెల్ల చుక్కల గొలుసుల్లా కంటికి నదురుగా కనిపిస్తాయి. సన్నటి వలయాలున్న చోట సుద్దకు బదులు కొత్త బ్లేడుతో పల్చటి పొర కోసి, ఒక చుక్క నీళ్లు రాసి భూతద్దంలో చూడండి.

వలయం ఎక్కడ మొదలవుతుంది

పదింతలు పెద్దది చేసే భూతద్దం కింద టేకు వలయం ఇలా ఉంటుంది: ముందు లేత రంగు సన్నటి పట్టీ, అందులో పెద్ద రంధ్రాల వరుస. ఇవి మిల్లీమీటర్‌లో పావు వంతు దాకా ఉంటాయి, మామూలు కంటికీ ఆనుతాయి. బెరడు వైపు వెళ్లేకొద్దీ రంధ్రాలు చిన్నవై, చెదిరిపోయి, చెక్క ముదురు రంగుకు తిరుగుతుంది. అక్కడ ఒక్కసారిగా మళ్లీ పెద్ద రంధ్రాల వరుస వస్తే, అది తర్వాతి ఏడు తొలకరి.

దొంగ వలయం ఇక్కడే బోల్తా కొట్టిస్తుంది. జూలైలో వాన మొహం చాటేసి ఆగస్టులో మళ్లీ కురిస్తే, లేదా ఆకు తినే పురుగు నడికారులో చెట్టును మోడు చేస్తే, చెట్టు ఆగి మళ్లీ మొదలుపెడుతుంది. అప్పుడు ఒకే సంవత్సరంలో రెండు గీతలు. నిజమైన వలయపు అంచు ఒక వైపు నుంచి చూస్తే కత్తితో గీసినట్టు ఉంటుంది, చుట్టూ తెగకుండా తిరుగుతుంది. దొంగ వలయం రెండు వైపులా మెల్లగా కరిగిపోతుంది, చాలాసార్లు చుట్టు పూర్తిగా తిరగదు. అనుమానం వచ్చిన ప్రతి గీతనూ పెన్సిల్‌తో చుట్టూ అనుసరించండి. వ్యాసార్ధం ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి.

దీనికి ఎదురు సమస్య తప్పిపోయిన వలయం. గట్టి కరువు ఏడు చెట్టు కొన్ని వైపుల అసలు చెక్కే కట్టదు. ఒక వ్యాసార్ధం మీద 46 వస్తే, ఇంకో దాని మీద 47 వస్తుంది. అలాంటప్పుడు సగటు తీయకండి. ప్రతి పదో వలయాన్నీ చుట్టూ తిప్పి కలుపుకుంటూ పోతే తేడా ఏ పదిలో ఉందో దొరుకుతుంది, తర్వాత ఆ పదిలోనే వెతకొచ్చు.

బెరడు నుంచి లోపలికి లెక్కపెట్టండి. దుంగ 2022 ఫిబ్రవరిలో, ఆకు రాలిన కాలంలో కొట్టిందైతే బెరడు కింది పూర్తి వలయం 2021ది. అదే 2022 ఆగస్టులో కొట్టిందైతే బయటి సగం వలయం 2022ది, దాని వెడల్పు లెక్కలోకి తీసుకోకూడదు. దశాబ్దానికి ఒక చుక్క, 50వ సంవత్సరానికి రెండు, శతాబ్దానికి మూడు చుక్కలు పెట్టడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. 1990, 1980, 1970 దగ్గర ఒక్కో చుక్క, 1950 దగ్గర రెండు. చుక్కలు పెన్సిల్‌తోనే, ఎందుకంటే తర్వాతి అంచెలో కొన్ని తుడపాల్సి వస్తుంది.

సంవత్సరాలు సరిచూడటం: అసలు పని ఇదే

లెక్క వేరు, తేదీ వేరు. వేర్వేరు చెట్ల వలయాలను ఒకదానితో ఒకటి పోల్చి సంవత్సరాలు ఖాయం చేయాలి. క్రాస్‌డేటింగ్ అనే ఈ అంచె దాటని వలయాల మీద ఏ వాతావరణ మాటా నిలవదు. ఈ పద్ధతిని నిలబెట్టిన ఆండ్రూ ఎలికాట్ డగ్లస్ చెట్ల నిపుణుడు కాదు, ఖగోళ శాస్త్రవేత్త. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలోని అరిజోనాలో సూర్యమచ్చల చక్రం కోసమే పైన్ చెట్ల వలయాలు చూడటం మొదలుపెట్టాడు. ఆ చక్రం ఆయన ఆశించినంత గట్టిగా దొరకలేదు. కానీ ఒక ప్రాంతంలోని చెట్లన్నీ ఒకే ఏడు సన్నగిల్లుతాయన్న గమనిక దొరికింది, దానితో 1929లో అక్కడి ఆదివాసుల పురాతన ప్యూబ్లో కట్టడాల దూలాలకు కచ్చితమైన సంవత్సరాలు వేయగలిగాడు. 1937లో టూసాన్‌లో తొలి చెట్టు వలయాల ప్రయోగశాల ఆయనే పెట్టాడు.

పద్ధతి ఇది. ఒక్కో బిళ్ళకు గ్రాఫ్ కాగితం నుంచి ఒక పొడవాటి పట్టీ కత్తిరించండి. ఒక్కో నిలువు గీత ఒక సంవత్సరం. ప్రతి వలయాన్నీ అటు మూడు, ఇటు మూడు పక్కవలయాలతో పోల్చండి. వాటికంటే బాగా సన్నగా ఉంటేనే గీత గీయండి. ఎంత సన్నమైతే గీత అంత పొడవు, ఒకటి నుంచి పది గడుల దాకా. మామూలు వలయాలకు ఏమీ గీయకూడదు. చాలా వెడల్పైనదానికి ఒక చిన్న గుర్తు చాలు. పట్టీ మీద చివరికి దూరందూరంగా కొన్ని గీతలే మిగలాలి. అన్నింటికీ గీశారంటే పట్టీ పనికిరాదు.

ఇప్పుడు రెండు పంచాంగాలు పక్కపక్కన పెట్టి తిథులు చూసుకున్నట్టు రెండు చెట్ల పట్టీలు ఆనించి జరపండి. పొడవు గీతలు ఒకదానికెదురుగా ఒకటి పడాలి. ఒక చోట దాకా బాగా కలిసి, అక్కడి నుంచి లోపలికి అన్నీ ఒక్క గడి పక్కకు జరిగాయంటే, సరిగ్గా ఆ మలుపులో ఒక చెట్టులో వలయం తప్పిపోయింది, లేదా ఇంకోదాంట్లో దొంగ వలయాన్ని లెక్కపెట్టారు. మళ్లీ భూతద్దం పట్టుకుని ఆ నాలుగైదు వలయాలు చూడండి. కాగితం మీద సున్నా వలయం ఇరికించి సర్దేయడం సులువే, కానీ చెక్కలో ఆధారం, అంటే వేరే వ్యాసార్ధం మీదనో, వేరే మూడు చెట్లలోనో ఆ వలయం కనిపిస్తేనే ఇరికించాలి.

అతికిన పట్టీలకు బయటి ఆనవాళ్లు ఉంటే ఇంకా గట్టి. దేశం మొత్తం మీద నైరుతి దెబ్బతిన్న ఏళ్లు: 1965, 1966, 1972, 1979, 1982, 1986, 1987, 2002, 2004, 2009, 2014, 2015. వీటిలో 1972లో లోటు 24 శాతం, 2009లో 22 శాతం. 2002 జూలైలోనైతే దేశంలో ఆ నెల పడాల్సిన వానలో సగమే పడింది. మీ బిళ్ళల్లో ఇవన్నీ సన్నటి వలయాలై ఉండాలని లేదు, దేశపు లోటు వేరు, మీ అడవి లోటు వేరు. కానీ వీటిలో ఒక్కటీ కనిపించలేదంటే మాత్రం సంవత్సరాలు తప్పు వేశారనో, ఆ చెట్టు వాన మీద ఆధారపడలేదనో అనుమానించండి. ఈ ఏళ్లను ముందే మనసులో పెట్టుకుని పట్టీలు గీయకండి. గీయడం అయ్యాకే జాబితా తీయాలి, లేకపోతే చెయ్యి తనకు తెలియకుండానే 1972 దగ్గర పొడవు గీత గీస్తుంది.

కొలత, వయసు ప్రభావం తీసేయడం

బిళ్ళ ముఖాన్ని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద బోర్లించి 1200 డీపీఐలో స్కాన్ చేయండి, ఒక పిక్సెల్ 0.021 మిల్లీమీటర్‌కు సమానం. ఒక మిల్లీమీటర్ కంటే సన్నటి వలయాలుంటే 2400కు వెళ్లండి. పక్కన ఒక స్టీలు స్కేలు పెట్టి స్కాన్ చేస్తే కొలత సరిచూసుకోవచ్చు. ఉచితంగా దొరికే ఇమేజ్‌జేలో గీత గీసి అంచు నుంచి అంచుకు కొలవొచ్చు. గీత ఎప్పుడూ వలయపు అంచుకు లంబంగా ఉండాలి. వాలుగా కొలిస్తే ప్రతి వలయమూ లావుగా వస్తుంది.

కొలతల్లో తప్పులు పట్టడానికి కొఫేచా అనే ప్రోగ్రాం ఉంది. అది శ్రేణిని 50 ఏళ్ల ముక్కలుగా, 25 ఏళ్ల ఎడంతో కోసి, ప్రతి ముక్కనూ మిగతా చెట్ల సగటుతో పోలుస్తుంది. సహసంబంధం, అంటే రెండు శ్రేణులు ఎంత కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే అంకె, 0.3281 కంటే తగ్గితే గుర్తు పెడుతుంది. ఆర్ భాష తెలిసినవాళ్లకు డీపీఎల్‌ఆర్ ప్యాకేజీలో ఇదంతా ఉంది. గుర్తు పడిందంటే తప్పు ఉందని కాదు, అక్కడ మళ్లీ చూడమని.

లేత చెట్టు వలయాలు వెడల్పు, ముసలి చెట్టువి సన్నం. ఇది వాతావరణం కాదు, జ్యామితి. దీన్ని తీసేయడానికి ప్రతి చెట్టుకూ ఒక నునుపైన వంపు గీత అమర్చి, అసలు కొలతను ఆ గీత విలువతో భాగించాలి. ఒక ఏడు వలయం 3.2 మిల్లీమీటర్లు, ఆ వయసుకు గీత చెప్పేది 4.0 అయితే సూచిక 0.8. ఒకటి కంటే తక్కువంటే తక్కువ ఎదిగిన ఏడు. తోటల్లో పెంచిన టేకుకు ఇంకో చిక్కు ఉంది. పక్క చెట్లు కొట్టి పలచన చేసిన తర్వాత నాలుగైదేళ్లు వలయాలు ఒక్కసారిగా ఉబ్బుతాయి. తోట రికార్డులో పలచన చేసిన సంవత్సరం అడిగి తెలుసుకోండి. తెలియకపోతే ఆ ఉబ్బును వరుసగా మంచి వానలని రాసేస్తారు.

చెట్ల సూచికల సగటు ఒక ఉమ్మడి గొంతులా పలుకుతోందా లేదా చెప్పడానికి ఈపీఎస్ అనే అంకె వాడతారు. 0.85 దాటితే చాలన్నది అలవాటుగా వాడే గీటు.

వానతో పోల్చడం

ఆదిలాబాద్ దుంగను బేగంపేట వాన లెక్కతో పోల్చకండి. దుంగ పెరిగిన చోటి వాన కావాలి. పుణెలోని భారత వాతావరణ శాఖ కార్యాలయం 1901 నుంచి 0.25 డిగ్రీల గడుల్లో రోజువారీ వాన లెక్క ఉచితంగా ఇస్తుంది. పుణెలోనే ఉన్న ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తెలంగాణ ఉపవిభాగానికి 1871 నుంచి నెలవారీ శ్రేణి తయారుచేసింది. 40, 50 ఏళ్ల టేకుకు మొదటిది మేలు, పొడవైన శ్రేణి ఉంటే రెండోది.

ఎక్సెల్‌లో కోరెల్ ఫంక్షన్‌తో సూచికకూ వానకూ సహసంబంధం చూడండి. ముందు జూన్ నుంచి సెప్టెంబర్ మొత్తం, తర్వాత అంతకుముందు ఏడు అక్టోబర్, నవంబర్ వాన. చాలామంది వదిలేసేది ఈ రెండోదే. కిందటి ఏడు ఆలస్యంగా పడిన వాన నేలలో తేమగా, చెట్టులో నిల్వగా మిగిలి ఈ ఏడు చిగురుకు పనికొస్తుంది. మధ్య భారత టేకులో ఈ సంబంధం కనిపించింది.

ఫలితం ఎంత ఉంటే నమ్మాలి? యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 5 శాతం లోపు ఉండాలంటే 30 ఏళ్ల శ్రేణికి 0.36, 40కి 0.31, 60కి 0.25 దాటాలి. అది కూడా ఒక్క పరీక్ష చేసినప్పుడే. 12 నెలలనూ విడివిడిగా పరీక్షిస్తే, అసలు సంబంధమే లేకపోయినా ఏదో ఒక నెల గీటు దాటే అవకాశం 46 శాతం. కిందటి ఏడాది నెలలు కూడా కలిపి 24 చేస్తే 71 శాతం. అందుకే ఏ కాలాన్ని పరీక్షిస్తారో ముందే కాగితం మీద రాసుకోండి, చెట్టు ఎదుగుదలతో పొసిగే కాలమే ఎంచుకోండి. మార్చి వానకు బ్రహ్మాండమైన సంబంధం వచ్చిందంటే సంతోషించాల్సింది ఏమీ లేదు, అప్పుడు చెట్టు మోడై ఉంది.

ఓపిగ్గా చేస్తే ఈ దారి ఎంత దూరం పోతుందో కేరళ టేకు చూపించింది. ఐఐటీఎం శాస్త్రవేత్త బోర్గాంకర్, ఆయన సహచరులు 1481 నుంచి 2003 దాకా, అంటే 523 ఏళ్ల శ్రేణి కట్టి 2010లో ప్రచురించారు. ఎల్‌నినో ఏళ్ల కరువులు అందులో సన్నటి వలయాలుగా పడ్డాయి. ఎల్‌నినో రెండు నుంచి ఏడేళ్లకోసారి వస్తుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

సూర్యచక్రాన్ని వెడల్పులో వెతికితే

బెల్జియం రాయల్ అబ్జర్వేటరీ సూర్యమచ్చల సంఖ్యలను ఉచితంగా ఇస్తుంది. మన కొడైకెనాల్ వేధశాలలో 1904 నుంచి సూర్యుడి ఫొటోలున్నాయి. ఇటీవలి చక్రాల అట్టడుగు ఏళ్లు 1964, 1976, 1986, 1996, 2008, 2019. శిఖరాలు 1968, 1979, 1989, 2001, 2014.

ఇప్పుడు పైన ఇచ్చిన కరువు జాబితా పక్కన పెట్టండి. 1965 కరువు 1964 అట్టడుగు పక్కనే ఉంది. 1986, 1987 కరువులు 1986 అట్టడుగులో. 2009 కరువు 2008 పక్కన. మచ్చలు తగ్గితే కరువు వస్తుందని రాసేయొచ్చు, ఇంటర్నెట్‌లో రాసినవాళ్లూ ఉంటారు. అదే జాబితాలో 1979 శిఖరం మీదే ఉంది, 2002 శిఖరం పక్కన, 2014 శిఖరం మీద. 1972, 1982 దిగే దారిలో. ఏ మూడు కావాలంటే ఆ మూడు ఏరుకోవచ్చు. పదకొండేళ్ల చక్రంలో శిఖరానికీ అడుగుకూ రెండేళ్ల దూరంలో ఉన్న ఏళ్లన్నీ కలిపితే చక్రంలో చాలా భాగం అయిపోతుంది, ఏ కరువైనా దేనికో ఒకదానికి దగ్గరగానే ఉంటుంది.

భౌతికంగా కూడా ఆశించాల్సింది కొంచెమే. ఒక చక్రంలో శిఖరానికీ అడుగుకూ సూర్యశక్తిలో తేడా సుమారు 0.1 శాతం. చదరపు మీటరుకు 1361 వాట్లలో అది 1.4 వాట్లు, గుండ్రటి భూమి అంతటా పంచి, వెనక్కి తిరిగిపోయేది తీసేస్తే 0.24 వాట్లే. ప్రపంచ సగటు ఉష్ణోగ్రతలో దాదాపు 0.1 డిగ్రీ తేడా. అంత చిన్న తట్టు, రెండు నుంచి ఏడేళ్లకోసారి వచ్చే ఎల్‌నినో కుదుపుల మధ్య, ఒక టేకు వలయంలో కంటికి ఆనడం కష్టం.

అయినా పరీక్షించాలనుకుంటే మూడు జాగ్రత్తలు. ఒకటి, పోల్చేముందు ఐదేళ్ల సగటు తీసి నునుపు చేయకండి. కేవలం యాదృచ్ఛిక అంకెలను నునుపు చేసినా చక్రాల్లాంటి అలలు పుడతాయని 1927లోనే స్లట్‌స్కీ చూపించాడు. రెండు, శ్రేణిలో ఒక ఏడు విలువ కిందటి ఏడును పోలి ఉంటుంది కాబట్టి 55 ఏళ్లంటే 55 స్వతంత్ర ఆధారాలు కావు. సూర్యమచ్చల్లో ఆ పోలిక 0.8, మీ వలయాల్లో 0.4 అనుకుందాం. రెంటినీ గుణిస్తే 0.32. 55ను 0.68తో గుణించి 1.32తో భాగిస్తే మిగిలేది 28. అప్పుడు దాటాల్సిన గీటు 0.27 కాదు, 0.37. మూడు, శ్రేణిని సగానికి కోసి రెండు సగాల్లో విడిగా చూడండి. ఒక సగంలో ప్లస్, ఇంకో సగంలో మైనస్ వస్తే ఆ సంబంధాన్ని అక్కడే వదిలేయండి. 55 ఏళ్లలో ఉండేది ఐదు చక్రాలే అని కూడా మరిచిపోకండి.

సూర్యుడు నిజంగా రాసే చోటు

అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిలో న్యూట్రాన్లను పుట్టిస్తాయి. అవి నైట్రోజన్‌ను తాకితే కార్బన్-14 తయారవుతుంది, లక్ష కోట్ల కార్బన్ పరమాణువుల్లో సుమారు ఒకటి. సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు దాని అయస్కాంత క్షేత్రం ఆ కిరణాలను పక్కకు నెడుతుంది, కార్బన్-14 తగ్గుతుంది. సూర్యుడు మందగిస్తే పెరుగుతుంది. చెట్టు ఆ ఏడు గాలి పీల్చి ఆ ఏడు వలయంలో దాచుకుంటుంది. వాన పడినా పడకపోయినా ఈ రాతలో తేడా రాదు.

1645 నుంచి 1715 దాకా సూర్యుడి మీద మచ్చలు దాదాపు కనిపించని మాండర్ కాలం నిజమేనని 1976లో ఖగోళ శాస్త్రవేత్త జాన్ ఎడ్డీ వాదించినప్పుడు వలయాల కార్బన్-14 ఆయనకు గట్టి ఆధారం. 11 ఏళ్ల అల మాత్రం వాతావరణంలో కలిసిపోయి వెయ్యింట రెండు మూడు వంతులకు చదునైపోతుంది. దాన్ని 969 నుంచి 1933 దాకా ఏడాదికేడాది కొలిచి చూపించింది 2021లో జూరిక్ ఈటీహెచ్ బృందం. 2012లో జపాన్ శాస్త్రవేత్త ఫుసా మియాకే జపాన్ దేవదారు వలయాల్లో 774, 775 మధ్య ఒక్కసారిగా 1.2 శాతం పెరుగుదల పట్టుకుంది. అది సూర్యుడి నుంచి వచ్చిన భారీ కణాల తుఫాను గుర్తుగా ఇప్పుడు ఎక్కువ మంది భావిస్తున్నారు. అలాంటిదే 993లో ఇంకొకటి. దాని ఆధారంగానే కెనడాలో వైకింగులు చెట్లు నరికిన సంవత్సరం 1021 అని 2021లో తేల్చారు. ఆ గుర్తున్న వలయం నుంచి బెరడు దాకా లెక్కపెట్టడమే వాళ్లు చేసింది.

మన డిపో టేకులో ఈ అల చూడగలమా? లేదు. బొగ్గు, పెట్రోలు పొగ కార్బన్-14ను పలచన చేస్తోంది. 1950ల నుంచి అణుబాంబు పరీక్షలు దాన్ని ఉత్తరార్ధగోళపు గాలిలో దాదాపు రెట్టింపు చేశాయి, 1963లో ఆ పరీక్షలను నియంత్రించే ఒప్పందం తర్వాతే అది దిగడం మొదలైంది. ఆ కొండ ముందు వెయ్యింట మూడు వంతుల అల కనిపించదు. సూర్యుడి కోసం కనీసం 1900కు ముందరి వలయాలు, అదీ సంవత్సరాలు ఖాయమైనవి కావాలి.

కానీ ఆ బాంబు కొండే మీ లెక్కను సరిచూసే తాళంచెవి. కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కపెట్టే ఏఎంఎస్ యంత్రాలు ఢిల్లీలోని ఐయూఏసీ, అహ్మదాబాద్‌లోని పీఆర్‌ఎల్ పరిశోధన సంస్థల్లో ఉన్నాయి. ఒక వలయం నుంచి 30 నుంచి 50 మిల్లీగ్రాముల చెక్క చాలు. కొత్త బ్లేడుతో, పక్క వలయం తగలకుండా, అంచు రెండు వైపులా కొంచెం వదిలి గీరండి. ఫెవికాల్, సుద్ద, పెన్సిల్ తగిలిన ముఖం నుంచి తీయకండి, బిళ్ళ రెండో ముఖం మీద ఫెవికాల్ తగిలిన పైపొర పూర్తిగా తీసేసి, లోపలి చెక్క నుంచి తీయండి. సెల్యులోజ్ విడదీసి కొలవమని ముందే చెప్పండి. చేవలోని నూనెలు, జిగురు వలయాల మధ్య కదులుతాయి, అవి ఉండిపోతే పక్క ఏళ్ల కార్బన్ కలుస్తుంది. అల్యూమినియం రేకులో చుట్టి, చెట్టు నంబరు, వ్యాసార్ధం, మీరు వేసిన సంవత్సరం పైన రాయండి.

ఒక్క వలయం పంపితే సరిపోదు. కొండకు రెండు వాలులుంటాయి కాబట్టి ఒకే విలువ ఎక్కే వైపూ, దిగే వైపూ రెండు చోట్ల సరిపోతుంది. 1962 అని మీరు రాసుకున్న వలయం ఒకటి, 1972 అని రాసుకున్నది ఇంకొకటి పంపండి. ఎక్కే వాలు నిటారుగా ఉంటుంది, అక్కడ ఒక్క ఏడు తేడా ఉన్నా విలువలో దొరికిపోతుంది. దిగే వాలు మెల్లగా ఉంటుంది, దానితో సందేహం మిగిలితే 1964 వలయం మూడోదిగా పంపండి.